ప్రతాపరుద్రుని అస్తమయము - విలస రాగిరేకులు

గౌతమీగోదావరికి ఈవల ముక్తేశ్వరము, ఆవల కోటిపల్లి. ఈ రెండు రేవుల నడుమ పడవల మీదను, పంటుల మీదను జనము తరతరములుగా రాకపోకలు సాగించుచు వచ్చినది. ముక్తేశ్వరమున వెలసిన స్వామికి క్షణముక్తేశ్వరుడని వాడుక. క్షణమాత్రమున ముక్తి నొసగువాడని భక్తుల విశ్వాసము. రేవు దాటి ఈ స్వామిని సేవించి, అయినవిల్లి వినాయకుని దర్శింపబోవువారు ఎందరో కలరు. కాని ఆ అయినవిల్లి ప్రాంతముననే యున్న విలస అను గ్రామము పేరు చెప్పినచో, ఒక మహాసామ్రాజ్యము కూలిన కథ ఆ యూరి పేరనే చరిత్రలో నిలిచియున్నదని ఎరిగినవారు కొలదిమందియే.

ఆ కథకు ఆధారము కొన్ని రాగిరేకులు. ముసునూరి ప్రోలయనాయకుడు వెన్నయ అను విద్వాంసునకు కోనమండలములోని విలస గ్రామమును దానమిచ్చి వ్రాయించిన తామ్రశాసన మది. నేలటూరి వేంకటరమణయ్యగారును, మల్లంపల్లి సోమశేఖరశర్మగారును దానిని పరిష్కరించి శాసనపత్రికయైన ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించినారు. అది క్రీ. శ. 1330 ప్రాంతపు దని పండితుల అభిప్రాయము.

దానశాసనము వ్రాయువారు మొదట దేవతాస్తుతి చేసి, పిమ్మట దాత వంశమును పొగడి, తరువాత దానమిచ్చిన భూమిని, పుచ్చుకొన్నవానిని పేర్కొనుట ఆచారము. విలస శాసనకర్త అట్లు చేయలేదు. తన ప్రభువును కొంతసేపు ప్రక్కన నిలిపి, గతించిన మరియొక ప్రభువు కథ నెత్తుకొన్నాడు. ఆ ప్రభువు కాకతీయ ప్రతాపరుద్రుడు. ఆ కథ చెప్పనిదే ఒక కోనసీమ గ్రామము ఏల తిరిగి దానమీయవలసి వచ్చినదో చదువరికి బోధపడదని ఆయన తలచియుండును. మేము ఈ ప్రసంగమునకు ఆ రాగిరేకులనే ఆధారముగా గైకొంటిమి.

ప్రతాపరుద్రుడు రాజ్యము చేయుచుండగా ప్రజలు యయాతి, నాభాగుడు, భగీరథుడు మొదలగు పూర్వరాజులను మరచిపోయిరని శాసనము చెప్పుచున్నది. తొమ్మిది లక్షల గుఱ్ఱములు గల అహమ్మదు సురత్రాణుడు ఆయనతో వైరము పూనెననియు, ఏడు మారులు ఓడిపోయెననియు, తుదకు భూజనుల భాగ్యము తఱిగిపోవుటచే ఆయనను పట్టుకొనగలిగెననియు చెప్పుచున్నది. ఢిల్లీకి కొనిపోబడుచుండగా ప్రతాపరుద్రుడు దైవవశమున సోమోద్భవా తీరమున పరలోకగతుడయ్యెనట. సోమోద్భవ యనగా నర్మద.

ఇందు రెండు మాటలు గమనింపదగినవి. సురత్రాణుని పేరు అహమ్మదని యున్నది. 1323లో ఓరుగల్లు పడిపోవునప్పటికి ఢిల్లీలో సుల్తాను గియాసుద్దీన్ తుగ్లకు. సేనను నడిపించినవాడు ఆయన కుమారుడు ఉలూఘ్ ఖాను, తరువాతి కాలపు మహమ్మదు బిన్ తుగ్లకు. గోదావరీతీరపు జనులు తండ్రిని ఎరుగరు. తమ గుమ్మము వరకు వచ్చిన కొడుకునే ఎరుగుదురు. రెండవది, భాగ్యము తఱిగినది రాజునకు కాదు, ప్రజలకట! ఓడినవాడు రాజైనను, దురదృష్టవంతులు మాత్రము ప్రజలు. ఈ మాటను శాసనకర్త రాజభక్తిచే అన్నాడో, అనుభవముచే అన్నాడో గాని, చరిత్రను తఱచి చూచినకొలది అందు ఎంత నిజము కలదో కానవచ్చును.

ఇంతకును ఆ ప్రతాపరుద్రుడు సామాన్యుడు కాడు. రాణి రుద్రమదేవి దౌహిత్రుడు. 1289లో సింహాసనమెక్కి ముప్పదినాలుగేండ్లు ఏలినాడు. ఆయన సేనాని ముప్పిడినాయకుడు 1316 నాటికి కాంచీపురము వరకు పోయి అందు కాకతీయాధికారమును నిలిపినాడు. విద్యానాథుడు ఈ రాజును నాయకునిగా జేసి ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమునే రచించినాడు. ఉపమకు ఉదాహరణము కావలెనన్న ప్రతాపరుద్రుని కీర్తి, అతిశయోక్తికి ఉదాహరణము కావలెనన్న ప్రతాపరుద్రుని జైత్రయాత్ర! రాజు పోయి, రాజ్యము పోయిన తరువాతను, శతాబ్దములపాటు సంస్కృత విద్యార్థులు అలంకారములు నేర్చినది ఆ గెలుపుల మీదనే. ఆ గ్రంథమున ఆయన ఎన్నడును ఓడలేదు.

ఢిల్లీతో ఆయన వైరము ఇరువదేండ్ల కథ. 1303లో అలావుద్దీన్ ఖిల్జీ పంపిన మొదటి సేన భంగపడి మరలిపోయినది. 1310లో మాలిక్ కాఫూరు వచ్చినాడు. ఓరుగంటికి వెలుపల మట్టికోట, లోపల రాతికోట, రెండింటికిని అగడ్తలు. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ దార్ఢ్యమును మెచ్చుకొని వ్రాసినాడు. మట్టికోట పట్టుబడి రాతికోటను ముట్టడించిన పిమ్మట ప్రతాపరుద్రుడు సంధికి ఒడబడినాడు. నూరు ఏనుగులను, ఏడువేల గుఱ్ఱములను సమర్పించెనని ఢిల్లీ చరిత్రకారుల లెక్క. అమీర్ ఖుస్రో మరియొక విశేషము చెప్పినాడు. ఓరుగంటిరాయడు తన ప్రతిమను బంగారముతో చేయించి, దాని మెడలో బంగారు గొలుసు వేసి, తాను లొంగితినని తెలుపుటకై శత్రుసేనాని యొద్దకు పంపెనట.

బంగారు బొమ్మ, దానికి బంగారు సంకెల! రాజనీతి దృష్టితో చూచినచో ఇది చతురమైన పనియే. తాను సింహాసనము మీదనే యుండి తన బొమ్మను బందీగా పంపుటకంటె చౌకయైన లొంగుబాటు వేరేమి గలదు? ఆ బొమ్మ వలన పదుమూడేండ్ల రాజ్యము దక్కినది. కాని ఆ బొమ్మ నడచిన దారినే, ఆ పదుమూడేండ్లు కాగానే, దానిని చేయించినవాడు స్వయముగా నడువవలసి వచ్చినది.

ఈ పదుమూడేండ్లలో ఢిల్లీలో జరిగినదేమో చూడుడు. 1316లో అలావుద్దీన్ మరణించినాడు. కొలది దినములకే, బంగారు ప్రతిమను స్వీకరించిన మాలిక్ కాఫూరును కావలివాండ్రే నరికివేసిరి. అలావుద్దీన్ కుమారుడు ముబారకు గద్దెనెక్కి 1318లో ఖుస్రోఖానుని ఓరుగంటి పైకి పంపినాడు. ప్రతాపరుద్రుడు మరల కప్పము కట్టి, కోటగోడ నెక్కి ఢిల్లీ దిక్కునకు మ్రొక్కెనని అటువైపు చరిత్రకారులు వ్రాసినారు. అట్లు మ్రొక్కులందుకొన్న ముబారకును 1320లో ఆ ఖుస్రోఖానే చంపించి తాను సుల్తాను అయ్యెను. ఆ యేడే ఖుస్రోఖానుని చంపి గియాసుద్దీన్ తుగ్లకు సుల్తాను అయ్యెను. ఓరుగంటిరాజును జయించినవారు, జయించుటకు పంపినవారు ఒకరి వెనుక ఒకరు కాలగర్భమున కలసిపోవుచుండగా, ఓడినవాడు మాత్రము తన కోటలో సుఖముగా కూర్చుండి చూచుచుండెను. ఢిల్లీ గద్దె మీద నాలుగేండ్లు నిలుచువాడు లేడని ఆయనకు తోచినచో ఆశ్చర్యమేమి? ఆయన కప్పము మానివేసినాడు. ఆ లెక్క తప్పు లెక్క యని మేము అనజాలము. ఆనాడు ఎవరు చూచినను అట్లే గుణింతురు. గద్దెనెక్కిన ఐదవవాడు మాత్రము మునుపటివారి వంటివాడు కాడు.

1321లో గియాసుద్దీన్ కుమారుడు ఉలూఘ్ ఖాను దండెత్తి వచ్చెను. ముట్టడి నెలలతరబడి సాగినది. కోటలోనివారు డస్సి, ధనమును ఏనుగులను ఇచ్చెదము, మరలిపొమ్మని రాయబారము పంపిరి. రాకుమారుడు ఒప్పుకొనలేదు. కప్పము కాదు, కోటయే కావలె ననెను. సరిగా ఆ సమయముననే ఢిల్లీనుండి వార్తలు రావడము ఆగిపోయినది.

ఇంట రేడియో యున్నవారికి ఈ సంకటము బోధపడుట కొంత కష్టము. ఆ దినములలో ఢిల్లీకిని దక్షిణదేశపు దండుకును నడుమ వార్తలు మోయుటకు దారిపొడుగున తపాలా కావళ్లుండెడివి. మనుష్యులును, గుఱ్ఱములును పరుగులెత్తి ఒక కావలినుండి మరియొక కావలికి జాబుల నందించుచుండిరి. నడుమ ఒక్క కావలి చెడినను సుల్తానునకు సేన లేదు, సేనకు సుల్తాను లేడు. 1310 ముట్టడిలోను ఇట్లే జరిగినది. నలువది దినములపాటు ఓరుగంటినుండి కబురు రాకపోగా, అలావుద్దీన్ అంతటివాడు నిజాముద్దీన్ ఔలియా అను సాధుపురుషుని యొద్దకు మనుష్యులను పంపి తన సేన గతి ఏమైనదని అడిగించెనట. అప్పుడు కబురు అందనివాడు సుల్తాను. ఇప్పుడు అందనివారు సైనికులు.

దండులో ఉబైదు అనువాడొకడుండెను. అతడు జోస్యము తెలిసినవాడనియు, కోట ఫలానిదినమున పడునని చెప్పి, తప్పినచో తన తల తీయవచ్చునని పందెమొడ్డెననియు కవి ఇసామీ వ్రాసినాడు. చెప్పిన గడువు సమీపించినది. కోట కదలలేదు. తల దక్కించుకొనుటకై ఆ జోస్యుడు, ఢిల్లీలో సుల్తాను మరణించినాడను వదంతిని పుట్టించెను. జాబులు రాని దండులో ఆ మాట నిప్పువలె వ్యాపించినది. సేనానులు ఒక్కొక్కరే తమ మూకలతో లేచిపోయిరి. ఉలూఘ్ ఖాను దేవగిరికి మరలవలసిన వాడయ్యెను. సుల్తాను జీవించియే యుండెను. ఉబైదు తల మాత్రము దక్కలేదు.

లొంగెదమని రాయబారము పంపినవారికి తెల్లవారుసరికి శత్రువు లేడు! ఇది దైవానుగ్రహమని ఓరుగల్లు నమ్మినది. నమ్మక ఎట్లుండగలదు? ప్రతాపరుద్రుడు ధాన్యాగారములను తెఱపించి ప్రజలకు ఉత్సవము చేయించెను. ముట్టడికై కూడబెట్టిన ధాన్యమంతయు విందులలో వ్యయమైపోయినది. కోటకు బలము మట్టిగోడయు, రాతిగోడయు, అగడ్తయు మాత్రమే కాదు గదా. గాదెలోని గింజయే దాని అసలు బలము. నెలలతరబడి ముట్టడిలో ఒక్కపూట తిన్న జనమునకు వడ్డన చేసిన రాజును మేము తప్పుపట్టజాలము. అట్లని ఆ వడ్డనవలన కలిగిన ఫలము మాఱలేదు.

దేవగిరిలో క్రొత్తసేనలను కూర్చుకొని ఉలూఘ్ ఖాను కొలదినెలలకే తిరిగి వచ్చెను. ఈ మారు దారిలోని బీదరు కోటను ముందే పట్టుకొని, వెనుక దారి తెగిపోకుండ చూచుకొనెను. ఐదు నెలల ముట్టడి జరిగినది. గాదెలు వట్టిపోయిన కోట 1323లో లొంగినది. ఉబైదు చెప్పిన జోస్యము ఒక విధముగా ఫలించినట్లే! కోట పడినది గాని, అప్పటికి జోస్యుడు లేడు. ఓరుగంటికి సుల్తానుపురమని పేరు మార్చిరి. కోటనడుమ నున్న స్వయంభూదేవుని ఆలయమును కూలగొట్టిరి. ఆలయము నాలుగు దిక్కుల నుండిన కీర్తితోరణములు మాత్రము నిలిచినవి. కీర్తితోరణమనగా విజయమునకు గుర్తు. విజయము పోయి, గుడి పోయి, తోరణము మిగిలినది. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము ఆ తోరణమునే తన చిహ్నమున చేర్చుకొన్నది.

రాజును ఢిల్లీకి పంపిరి. ఆయన ఢిల్లీ చేరలేదు. దారిలో మరణించెనని ఢిల్లీ చరిత్రకారుడు షమ్సే సిరాజ్ అఫీఫును వ్రాసినాడు. ఈ విషయమున శత్రువుల గ్రంథమును, మన విలస రాగిరేకులును ఏకీభవించుచున్నవి. అంతటి చక్రవర్తి ఒక బందీగా, ఒక పరదేశపు ఏటియొడ్డున ప్రాణము విడిచెను. ఉత్తరమునకు నర్మద, దక్షిణమునకు కావేరి హద్దులుగా కవులు పొగడెడి రాజులలో, నర్మదను నిజముగా చూచినవారు ఎందరో మాకు తెలియదు. ఈయన చూచినాడు, ఈ విధముగా.

ఆయనను గెలిచినవారి గతి ఏమైనది? గియాసుద్దీన్ 1325లో వంగదేశ విజయము ముగించుకొని వచ్చుచుండగా, కుమారుడు ఢిల్లీ చెంత అఫ్ఘానుపురమున తండ్రికి స్వాగతము పలుకుటకై కట్టెలతో ఒక విడిది కట్టించెను. విందు ముగియగానే ఆ విడిది కూలి సుల్తాను దానిక్రింద మరణించెను. అది కొడుకు పన్నిన కుట్రయో, కేవలము ప్రమాదమో అను తర్కము ఈనాటికిని తెగలేదు. ఓరుగంటి రెండుకోటలను కూల్చిన రాకుమారుడు కట్టించినది అదియొక్కటియే కూలిపోవుటకు తగినట్లుండెను. ఆ కొడుకు మహమ్మదు బిన్ తుగ్లకై, రాజధానిని దేవగిరికి మార్చి, రాగినాణెములను వెండితో సమానముగా చెల్లవలెనని ఆజ్ఞాపించి, తిరుగుబాటుల నణచుటకు దేశమంతట పరుగులెత్తుచు, తుదకు 1351లో సింధునదీతీరమున థట్టా సమీపమున దండువిడిదిలో జ్వరముతో మరణించెను. తాను పంపిన బందీకి నర్మదయొడ్డు. తనకు సింధునదియొడ్డు. ఇరువురును ఢిల్లీ చేరలేదు.

ఇంతకంటె విచిత్రమైన కథ మరియొకటి కలదు. ప్రతాపరుద్రునితో బందీలైనవారిలో కన్ను అను నతడొకడుండెను. ఆయన ఓరుగంటిరాజు కొలువులో పెద్దహోదా గలవాడని అఫీఫు వ్రాసినాడు. మారనకవి మార్కండేయపురాణమును అంకితముగొన్న గన్నయసేనాని ఇతడేయని మన పండితులు కొందరి తలంపు. దారిలో రాజు మరణింపగా, కన్ను ఢిల్లీ చేరి, సుల్తాను ఎదుట ఇస్లామును స్వీకరించి, మక్బూలు అను పేరు పొందెను. చదువు వ్రాత రాకున్నను బుద్ధికుశలత చేత పైకి వచ్చెనట. తన పూర్వపు రాజధానియైన ఓరుగంటికే సుల్తాను పక్షమున అధికారి యయ్యెను. 1336 ప్రాంతమున ముసునూరి కాపయనాయకుడు తిరుగబడి ఓరుగల్లును పట్టుకొనగా, అచటినుండి ఢిల్లీకి పారిపోయిన అధికారి ఈ మక్బూలే. తెలుగుకోటనుండి తెలుగునాయకులు తఱిమినది తెలుగువానినే యన్నమాట.

కథ అంతటితో ముగియలేదు. ఫిరోజుషా తుగ్లకు కాలమున మక్బూలు ఖానెజహాన్ అను బిరుదముతో ఢిల్లీ సామ్రాజ్యమునకు వజీరు అయ్యెను. ఢిల్లీకి నిజమైన సుల్తాను ఖానెజహానే యని ఫిరోజుషా స్వయముగా అనుచుండెడివాడని ప్రతీతి. 1365 తరువాత ఫిరోజుషా సింధుదేశముపై దండెత్తి కచ్ఛపు ఉప్పుటెడారిలో దారితప్పెను. ఆరు నెలలపాటు ఢిల్లీకి కబురు లేదు. నగరమున కలవరము పుట్టినది. అప్పుడు వజీరు, సుల్తాను క్షేమమని జాబు వచ్చినట్లు తానే కల్పించి, నగారాలు మ్రోగించి, నగరమును చల్లార్చినాడని అఫీఫు కథనము. వార్తలు రాని దండు ఎట్లు చెదరిపోవునో 1321లో ఓరుగంటి కోటగోడల మీదినుండి కండ్లార చూచినవారిలో ఆయనయు ఒకడైయుండవచ్చును. ఆ పాఠము ఢిల్లీని కాచుటకు ఉపకరించినది! ఖానెజహాను 1368-69లో మరణించెను. ఆయన సమాధి ఢిల్లీలో నిజాముద్దీన్ ప్రాంతముననే యున్నది. ఎనిమిది కోణములతో కట్టిన గోరీలలో ఢిల్లీలో అదియే మొదటిదని శిల్పచరిత్రకారులు చెప్పుదురు. అలావుద్దీన్ సుల్తాను ఓరుగంటి కబురు అడిగించిన ఆ సాధువు సమాధికి చేరువనే ఓరుగంటివాడు శయనించియున్నాడు.

ఇక కోనసీమకు మరలుదము. రాజుల కథ యంతయు ఓరుగంటికిని ఢిల్లీకిని నడుమ జరిగినది గదా, విలసకు దానితో సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. ఓరుగల్లు పడిన మరుసటియేడే, 1324లో, రాజమహేంద్రవరమున సాలారు ఉల్వీ అను అధికారి మసీదు కట్టించినట్లు అచటి శాసనమున గలదు. అనగా ఒక్క సంవత్సరములో ఢిల్లీ ఆజ్ఞ గోదావరి దిగువకు వచ్చినది. అటుపిమ్మట జరిగినదానిని విలస శాసనము వర్ణించినది. ప్రతాపరుద్రుడను సూర్యుడు అస్తమింపగా తురుష్కులను చీకటి లోకమును క్రమ్మినదని దాని భావము. ధనవంతులను ధనమునకై హింసించిరనియు, దేవాలయములు చెడినవనియు, అగ్రహారములు పోయినవనియు, దున్నినవారికి పంట దక్కలేదనియు అందు గలదు.

ఇట్టి వర్ణనలను అక్షరాల గైకొనరాదు. వ్రాసినవాడు గెలిచిన నాయకుని కొలువువాడు. చీకటి ఎంత చిక్కనైనచో తన ప్రభువను దీపము అంత వెలుగును. పైగా, కాకతీయుల కాలమున పన్నులు లేవా, యుద్ధములు లేవా? అట్లయ్యును దున్నినవానికి పంట దక్కలేదను మాట మాత్రము అలంకారశాస్త్రమునుండి పుట్టినది కాదని మాకు తోచుచున్నది. మహాకవుల పద్ధతిలో రాజ్యనాశనమును వర్ణింపబూనినవాడు కుప్పనూర్పుల దాకా దిగిరానక్కరలేదు. గౌతమి ఒండ్రుమట్టి మీద బ్రదుకు దేశమున, ఎవరి కంటనో చూచినదానినే ఆయన వ్రాసినాడు. ఢిల్లీలో నలువురు సుల్తానులు మాఱినప్పుడు కదలని కోనమండలము, ఓరుగంటి గాదెలు వట్టిపోయినప్పుడు కదలినది. ఆ గాదెలలోని ధాన్యము పండించినదియు ఇట్టి పల్లెలే. భూజనుల భాగ్యము తఱిగినదని శాసనము మొదట అన్న మాటకు అర్థము ఇచట స్పష్టమగుచున్నది.

గోదావరీతీరపు మాల్యవంతము చెంత రేకపల్లిని నెలవుగా జేసికొని ప్రోలయనాయకుడు బలమును కూర్చినాడు. అడవులును, కొండలును, నదియు అతనికి కోటలు. కొలదియేండ్లలోనే తీరాంధ్రమునుండి సుల్తాను అధికారులు తొలగవలసినవారైరి. పోయిన అగ్రహారములను అతడు తిరిగి నిలిపెను. ఆ వరుసలో ఒకటి విలస. సామ్రాజ్యము పడిపోయిన కథ ఇట్లు ఒక గ్రామపు దస్తావేజునకు పీఠికయైనది. పొలమునకు హక్కుపత్రము గనుకనే ఆ రేకులను తరతరములవారు దాచుకొన్నారు. అందు పొలము మాట లేకయున్నచో, ప్రతాపరుద్రుని మరణవార్తను రాగిమీద చెక్కినవారు లేకపోయెడివారు, చెక్కినను దాచినవారు లేకపోయెడివారు.

ప్రోలయ తరువాత కాపయ వచ్చినాడు. ఆయనను డెబ్బదియైదుగురు నాయకులు సేవించిరని 1423 నాటి కలువచేరు శాసనమున గలదు. ఓరుగంటిని తిరిగి గెలిచి ఆంధ్రసురత్రాణుడని బిరుదు దాల్చిన ఆ కాపయ, ఏ ఢిల్లీసేనల చేతిలోను గాక, 1368 ప్రాంతమున భీమవరము యుద్ధమున సాటి తెలుగువారైన రేచెర్లనాయకుల చేతిలో మరణించినాడు. ఆ కథ వేరొక ప్రసంగమునకు తగినది.

కలువచేరు శాసనమును వ్రాయించినది రాజమహేంద్రవరపు రెడ్డిరాణి అనితల్లి. గౌతమి పరిసరములలోనే పుట్టిన శాసనమది, విలస రేకులకు తొంబదియేండ్ల తరువాతిది. అందును ప్రతాపరుద్రుని మరణము ప్రస్తావింపబడినది గాని, ఆయన స్వేచ్ఛచే దేవలోకమునకు పోయినాడని యున్నది. విలసవారు దైవవశమన్నారు, కలువచేరువారు స్వేచ్ఛ యన్నారు. బందీగా పోవుట ఇష్టములేక రాజు తానే ప్రాణము విడిచెనని కొందరు చరిత్రకారులు దీనికి అర్థము చెప్పినారు. అట్లు జరిగియుండవచ్చును. అయినను మాకు తోచునది వేరు. 1330 నాటివారు ఆ వార్త విని నిట్టూర్చినవారు. వారికి దైవమను మాట చాలినది. 1423 నాటివారికి ఆయన పూర్వరాజుల కోవలో చేరిన మహాపురుషుడు. అంతటివాడు పరులు ఈడ్చుకొనిపోవగా పోయినాడని వ్రాయుటకు వారి చేయి ఆడియుండదు.

మరియొక శతాబ్దము గడచునప్పటికి ఆయన మరణమే మాఱిపోయినది. ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్రములో రాజు ఢిల్లీ చేరును. ఒకనాటి రాత్రి సుల్తాను తల్లి మేడమీద నిద్రించుచున్న తన కుమారుని, బందీయైన రాజును చూచును. ఇరువురి దేహములనుండియు దివ్యతేజస్సు వెలువడుచుండును. ఒకరు విష్ణ్వంశము, ఒకరు శివాంశమని గ్రహించి, ఆయనను విడిచిపెట్టుమని ఆమె కుమారునికి చెప్పును. సుల్తాను సగౌరవముగా సాగనంపును. రాజు కాశికి పోయి, విశ్వేశ్వరుని సేవించి, స్వదేశమునకు తిరిగివచ్చి, గోదావరీస్నానము చేయును. ఆ కథ పుట్టునాటికి ఓరుగంటిలో కాకతీయులు లేరు, ఢిల్లీలో తుగ్లకులు లేరు. విలస రేకులు మాత్రము అప్పటికిని ఎవరియింటనో భద్రముగా నుండి, రాజు సోమోద్భవ దాటలేదని చెప్పుచునే యుండెను.